యంత్రం ఒక్కటే, రెండుగా కోసింది మనమే

పాలిసెట్ ఫలితాలు రాగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఒక తీర్పు వినిపిస్తుంది. ‘‘ఎలక్ట్రోమెకానికల్ చదువా? అది అటు కరెంటూ కాదు, ఇటు మెకానికలూ కాదు. రెండు పడవల మీద కాళ్లు. ఆఖరికి చేతిలో మిగిలేది పానా, టెస్టరు.’’ మేనమామ ఈ మాటే అంటాడు. ట్యూషన్ సారూ ఇదే అంటాడు. హైదరాబాద్‌లో కొలువు చేసే పెదనాన్న కొడుకు ఫోన్లో ఇదే అంటాడు. వీళ్లలో ఎవరైనా సాంచె (మరమగ్గం) గేరు విప్పి చూశారా? మోటారు మీద బిగించిన రేకు మీది అంకెలు చదివారా? లేదు. తీర్పు మాత్రం సిద్ధం. ఆ తీర్పును నమ్మి, పదో తరగతి దాటిన పిల్లవాడు తనకు ఇష్టమైన దారిని వదిలేస్తాడు.

ఈ అభిప్రాయం ఒకరిద్దరిదైతే పట్టించుకోనక్కర్లేదు. బాగా చదువుకున్నవాళ్లే దీన్ని మోస్తున్నారు. కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లలోనూ దీన్ని నమ్మేవాళ్లున్నారు. కాబట్టి దీన్ని ఒక్కో వాదంగా విడదీసి పరీక్షించాలి. పాఠకులే న్యాయమూర్తులు. సాక్ష్యాలు చూసి మీరే తేల్చండి.

మొదటి వాదం: రెండూ కలిపి చదివితే ఏదీ పూర్తిగా రాదు. ఈ మాటలో ఒక ఊహ దాగి ఉంది. కరెంటు వేరే శాస్త్రమనీ, యంత్రం వేరే శాస్త్రమనీ, వాటిని ఎవరో బలవంతంగా ఒకచోట కట్టేశారనీ ఆ ఊహ. చరిత్ర దీనికి ఒప్పుకోదు. 1821లో మైకేల్ ఫారడే పాదరసంలో అయస్కాంతాన్ని నిలబెట్టి, దాని చుట్టూ కరెంటు పారే తీగ తిరిగేలా చేశాడు. కరెంటు కదలికగా మారింది. పదేళ్లకు, 1831లో, తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపి కరెంటు పుట్టించాడు. కదలిక కరెంటుగా మారింది. ఇవాళ మన బావుల్లో నీళ్లు తోడే మోటారుకూ, ఆ మోటారుకు కరెంటు పంపే జనరేటరుకూ మూలం ఈ రెండు ప్రయోగాలే. పుట్టుకలోనే ఒకటైన విద్యను రెండు శాఖలుగా కోసింది కాలేజీలు. బోధనకు అది సౌకర్యం, అంతవరకే. డిపార్టుమెంట్ల మధ్య గోడ చూసి ప్రకృతిలోనూ గోడ ఉందనుకోవడం ఎంత అమాయకత్వం?

చరిత్ర చాలదంటారా, పొలానికి రండి. యాసంగి వరి పొట్టకొచ్చిన వేళ బోరు మోటారు కాలిపోయింది. ఎందుకు కాలింది? ‘‘కరెంటు ఎక్కువ గుంజింది’’ అంటారు అందరూ. ఎందుకు గుంజింది? బోరులో ఇసుక వచ్చి పంపులోని ఇంపెల్లరు బిగుసుకుని ఉండవచ్చు. బేరింగు అరిగి రోటరు ఒరుసుకుంటూ ఉండవచ్చు. అప్పుడు తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. ఆ బలం కోసం మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే వైండింగులో వేడి నాలుగింతలవుతుంది. రోగం యంత్రానిది, కాలింది వైండింగు. ఇక రెండో సంగతి చూడండి. లైను చివరి ఊళ్లో వోల్టేజీ 20 శాతం పడిపోయింది. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అది 36 శాతం తగ్గిపోతుంది. పంపు మీది భారం మాత్రం అంతగా తగ్గదు. వేగం పడిపోతుంది, కరెంటు పెరుగుతుంది, మళ్లీ వైండింగు కాలుతుంది. ఈసారి రోగం కరెంటుది. రెండు సందర్భాల్లోనూ రైతు చేతికొచ్చేది ఒకటే నల్లబడ్డ రాగి తీగ. కారణం ఏదో తేల్చగలిగేది ఎవరు? కరెంటు ఒక్కటే తెలిసినవాడు మోటారు మళ్లీ చుట్టించి దింపుతాడు. ఇసుక అక్కడే ఉంటుంది, మోటారు మళ్లీ కాలుతుంది. యంత్రం ఒక్కటే తెలిసినవాడు బేరింగు మారుస్తాడు. వోల్టేజీ అలాగే ఉంటుంది, మోటారు మళ్లీ కాలుతుంది. రెండూ తెలిసినవాడే రైతును ఆ ఖర్చు నుంచి తప్పిస్తాడు. సగం చదువు ఎవరిదో చెప్పండి.

పొలం నుంచి రైసుమిల్లుకు వెళ్దాం. బియ్యానికి తెలుపు తెచ్చే పాలిషర్ దగ్గర నిలబడ్డ ఆపరేటరు చూపు గింజ మీద ఎంత ఉంటుందో అమ్మీటరు ముల్లు మీదా అంతే ఉంటుంది. లోపల రాపిడి పెరిగితే మోటారు మీద భారం పెరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. రాపిడి మరీ పెరిగితే బియ్యం నూకలవుతుంది. తగ్గితే తవుడు సరిగా పోదు. అంటే గింజ మీద పడే ఒత్తిడిని అతడు ఆంపియర్లలో చదువుతున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఆ ముల్లు ఎలక్ట్రికల్ శాఖదా, మెకానికల్ శాఖదా? ఆ ఆపరేటరుకు ఈ ప్రశ్నే అర్థం కాదు. మనకు మాత్రం అర్థమవుతుందనుకుంటున్నాం.

సిరిసిల్ల సాంచాల దగ్గర ఈ వాదం పూర్తిగా కూలిపోతుంది. పాత సాంచె అంటే ఒక మోటారు, ఒక బెల్టు, కొన్ని గేర్లు, నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకునే నాడె. అక్కడే చూడండి. పేక దారం తెగితే సాంచె ఆగాలి, లేకపోతే బట్ట పాడు. పడుగులో పోగు తెగినా ఆగాలి. పడుగు ఆపే ఏర్పాటున్న మగ్గంలో ఒక్కో పోగు మీద ఒక్కో సన్నని రేకు వేలాడుతుంది. పోగు తెగగానే రేకు జారి కింది కడ్డీని తాకుతుంది. సర్క్యూటు పూర్తవుతుంది, మగ్గం ఆగుతుంది. దారం తెగడం యాంత్రికం, కబురందడం విద్యుత్తు, ఆగడం మళ్లీ యాంత్రికం. రెప్పపాటులో రెండుసార్లు హద్దు దాటే ఈ పనిని ఏ డిపార్టుమెంటుకు అప్పగిస్తారు? రేపియర్ మగ్గం వస్తే, ఎలక్ట్రానిక్ జకార్డ్ వస్తే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. డిజైను కంప్యూటరులో ఉంటుంది, దాన్ని విద్యుదయస్కాంతాలు కొక్కేలకు అందిస్తాయి, కొక్కేలు పోగుల్ని లేపుతాయి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక, మామూలు సాంచాలకు డాబీలు బిగించి అంచులు నేయడం ఈ ఊరు నేర్చుకుంది. యంత్రం మారితే బతుకు మారుతుందని సిరిసిల్లకు ఒకరు చెప్పాలా? అలాంటి ఊళ్లో నిలబడి ‘‘ఈ చదువుతో ఏం లాభం’’ అని అడగడానికి నోరెలా వస్తుంది?

రెండో వాదం: మన దగ్గర పరిశ్రమలేవి, ఇది చదివి ఇక్కడ ఏం చేస్తారు? పరిశ్రమ అంటే పొగగొట్టమూ, ప్రహరీ గోడా, గేటు దగ్గర సెక్యూరిటీ అనుకునేవాళ్ల ప్రశ్న ఇది. సిరిసిల్లలో పాతిక వేలకు పైగా సాంచాలున్నాయి. వాటి వెనక సైజింగు, వార్పింగు, డైయింగు యూనిట్లున్నాయి. అవి పరిశ్రమ కావా? జగిత్యాల జిల్లా నిండా ఉన్న రైసుమిల్లుల్లో ఎలివేటర్లు, డ్రయ్యర్లు, బాయిలర్లు, రంగు చూసి గింజను ఏరే సార్టెక్సు యంత్రాలు తిరుగుతున్నాయి. అవి పరిశ్రమ కావా? కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతుకు ఉడికించే బాయిలరు కావాలి, కొమ్ముకు మెరుగు పెట్టే డ్రమ్ము కావాలి. 2015లో మూతబడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని తెరవాలని చెరకు రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. తెరిచిన రోజున క్రషర్లనూ, పంపులనూ, సెంట్రిఫ్యూగల్ యంత్రాలనూ మళ్లీ కదిలించేది ఎవరు? ఫైళ్లు కదిలించేవాళ్లు కాదు కదా!

ఇంకా పెద్ద సాక్ష్యం మన కాలువల మీదే ఉంది. శ్రీరాంసాగర్ పునరుజ్జీవ పథకం కింద వరద కాలువ మీద రాంపూర్, రాజేశ్వర్‌రావుపేటల్లో కట్టిన పంపుహౌసుల్లో ఒక్కోటి 6.5 మెగావాట్ల పంపులు ఎనిమిదేసి ఉన్నాయి. రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూగర్భంలో ఉన్న గాయత్రి పంపుహౌసులో 139 మెగావాట్ల యంత్రాలు ఏడు. ఇల్లంతకుంట మండలం తిప్పాపూర్‌లో 106 మెగావాట్లవి నాలుగు. ఇలాంటి ప్రాజెక్టుల అంచనాల్లో సివిల్ పనులు ఒక పద్దు, ఎలక్ట్రోమెకానికల్ పనులు ఒక పద్దు. సర్కారు లెక్కలోనే ఉన్న విద్య మన ఇంటి లెక్కలో లేకుండా ఎలా పోయింది? ఈ పంపుహౌసులకు ఆధారమైన కాళేశ్వరం పథకం మంచిచెడ్డల మీద రాజకీయ వాదం ఎంతైనా సాగవచ్చు. యంత్రానికి ఆ వాదంతో పనిలేదు. నడిస్తే ఒక రకం సంరక్షణ కావాలి, నడవకుండా పడి ఉంటే ఇంకో రకం సంరక్షణ కావాలి. ఆగి ఉన్న పెద్ద మోటారు వైండింగులోకి తేమ చేరుతుంది. దాన్ని వెచ్చగా ఉంచాలి, ఇన్సులేషన్ కొలవాలి. బరువైన షాఫ్టును అప్పుడప్పుడూ తిప్పాలి, బేరింగులను కాపాడాలి. ఆ పనికి మన జిల్లా పిల్లలు తయారుగా లేకపోతే ఎక్కడి నుంచో మనుషులొస్తారు. అప్పుడు ‘‘మనోళ్లకు ఉద్యోగాలేవీ’’ అని ధర్నా చేస్తాం.

సిరిసిల్ల వాళ్లకు ఇంకో మాట గుర్తుచేయాలి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక, దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన తొలి అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి సిరిసిల్లలో 1970లో వెలిసింది. అదే నేటి సెస్. తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, బిల్లులు అన్నీ సభ్యుల సంఘమే చూసుకుంటూ అర్ధశతాబ్దం దాటింది. ఒకవైపు సొంత విద్యుత్ సంఘం, ఇంకోవైపు వేల సాంచాలు. కరెంటూ యంత్రమూ ఇంత దగ్గరగా కాపురం చేస్తున్న ఊళ్లు దేశంలో ఎన్ని ఉంటాయి? ఆ రెండింటినీ కలిపి చదవాల్సిన అవసరం ఇక్కడ లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

మూడో వాదం తెలివైనవాళ్లది: ఇదంతా షాపులో నేర్చుకోవచ్చు, దీనికి కాలేజీ ఎందుకు? ఈ వాదానికి వాళ్లు తెచ్చే పెద్ద సాక్షి చింతకింది మల్లేశం. బడి చదువు మధ్యలో ఆగిపోయిన మల్లేశం, ఆసు పోయడానికి తల్లి రోజూ వేలసార్లు చెయ్యి ఆడించి పడే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన్ను చూసి తెలంగాణ గర్వపడటం న్యాయమే. కానీ ఆయన కథను చదువుకు వ్యతిరేకంగా వాడటం అన్యాయం. 1992లో మొదలుపెట్టిన పని పూర్తవడానికి ఆయనకు ఏడేళ్లు పట్టింది. ఒక్క కదలిక దగ్గర యంత్రం చాలాకాలం ఆగిపోయింది. హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు పని చేయడానికి వెళ్లినప్పుడు, అక్కడి ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కనిపించింది. చిక్కుముడి విడిపోయింది. గమనించండి: కరెంటు పనికి పోయిన మనిషి యంత్రపు కదలికను పట్టుకున్నాడు. ఆయన గెలుపు ఈ రెండు విద్యల కలయికకే సాక్ష్యం. ఇక ఆ ఏడేళ్ల మాట. కదలికలను రకరకాలుగా మార్చే యంత్రాంగాల గురించి కాలేజీలో ఒక పాఠ్యాంశమే ఉంది. ఆ పుస్తకం ఆయన చేతికి సకాలంలో అంది ఉంటే, ఆ తల్లి భుజాలు ఇంకొంత ముందే తేలికపడేవి కావా? ఒక అసాధారణ మనిషి కాలేజీ లేకుండా గెలిచాడు కాబట్టి వేలమంది మామూలు పిల్లలకు కాలేజీ అక్కర్లేదనడం తర్కమేనా?

షాపు విద్యను తక్కువ చేయడానికి నేను రాలేదు. చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పే మిస్త్రీలు, సాంచె మీద చెయ్యి వేసి తప్పెక్కడో పట్టే జాబర్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల నైపుణ్యం నిజం. దాని హద్దు కూడా అంతే నిజం. వైండింగు షాపులో కాలిన మోటారు విప్పి, పాత తీగ గేజీ కొలిచి, చుట్లు లెక్కబెట్టి, అంతే చుడతారు. అంతకుముందు చుట్టినవాడు తప్పు చుట్టి ఉంటే? ఆ తప్పు మళ్లీ చుట్టబడుతుంది. ఎన్ని చుట్లు ఉండాలో సూత్రం నుంచి లెక్కగట్టి, పాతది తప్పని చెప్పగలవాడు కావాలి. ఇన్సులేషన్ వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్న స్థూల నియమం తెలిసినవాడు, మోటారు మీద గోనెసంచి కప్పడం చూసి ఊరుకోడు. అలవాటు నిన్నటి యంత్రాన్ని బాగుచేస్తుంది. రేపు వచ్చే యంత్రానికి లెక్క కావాలి. లెక్క చెప్పేది కాలేజీ. మిస్త్రీ కొడుకు కాలేజీకి పోతే తండ్రి విద్య పోదు, దానికి కారణాలు తోడవుతాయి.

నాలుగో వాదం అందరికీ ఇష్టమైనది: భవిష్యత్తంతా కంప్యూటర్లదే, సీఎస్‌ఈ తప్ప మిగతావన్నీ దండగ. 2007లో నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. 2021లో రాజన్న సిరిసిల్ల జిల్లాకూ జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. ఇంజనీరింగు కాలేజీ ఇంటి ముందుకొచ్చాక కూడా, కౌన్సెలింగు రోజున తల్లిదండ్రులు ఒకే బ్రాంచి పేరు జపిస్తున్నారు. సీఎస్‌ఈ మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. దాన్ని దేవుణ్ని చేయడం మీదే అభ్యంతరం. రైసుమిల్లు సార్టెక్సునే చూడండి. జారిపడే గింజను కెమెరా చూస్తుంది, అది నల్లదని ప్రోగ్రాము తేలుస్తుంది, కొద్ది మిల్లీసెకన్ల తర్వాత వాల్వు తెరుచుకుని గాలి దెబ్బతో ఆ గింజను పక్కకు కొడుతుంది. ఆ కొద్దిపాటి సమయం ఎంత? గింజ పడే వేగాన్ని బట్టి, వాల్వు తెరుచుకునే జాప్యాన్ని బట్టి, గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఇవేవీ తెలియని ప్రోగ్రాము మంచి గింజను కొట్టి నల్లదాన్ని వదిలేస్తుంది. పీఎల్‌సీలు, సర్వో మోటార్లు, మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు, ఎలక్ట్రిక్ బండ్లు, రోబో చేతులు అన్నీ ఇలాంటివే. ప్రోగ్రాము తెర దాటి బయటి ప్రపంచాన్ని తాకాలంటే ఎలక్ట్రోమెకానికల్ విద్య గుండానే పోవాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిలో రోబోటిక్సు, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులకు పెద్దపీట వేసింది ఇందుకే. కంప్యూటరు వచ్చి ఈ విద్య పాతబడిందనేవాళ్లు ఈ రెంటిలో దేన్నీ సరిగా అర్థం చేసుకోలేదు.

అయిదో వాదం నిజానికి వాదం కాదు, అహంకారం: డిప్లొమా అంటే మార్కులు రానివాళ్ల చదువు. మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ రాసినవాడు బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరతాడు. ఇంటర్ రెండేళ్లు సూత్రాలు బట్టీపట్టి వచ్చినవాడి పక్కన, అప్పటికే లేతు మీద పనిచేసి, మోటారు కనెక్షను ఇచ్చి వచ్చినవాడు కూర్చుంటాడు. వీళ్లలో వెనకబడినవాడెవడు? ఉద్యోగాల మాటకొస్తే, రైల్వేలో జూనియర్ ఇంజనీరుకూ, విద్యుత్ పంపిణీ సంస్థల్లో సబ్ ఇంజనీరుకూ డిప్లొమాయే అర్హత. మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో, సరిహద్దు రోడ్ల సంస్థలో ఒక జూనియర్ ఇంజనీరు పోస్టు పేరే ‘ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్’. మన సింగరేణిలో ఈ అండ్ ఎం విభాగం ఉంది, ఆ పేరుతోనే మేనేజ్‌మెంట్ ట్రెయినీలను తీసుకుంటుంది. భూమి లోపల బొగ్గు తవ్వే యంత్రం ఆగితే అక్కడ నిలబడి ‘‘ఇది నా శాఖ కాదు’’ అనడం కుదరదని ఆ సంస్థకు తెలుసు. మనకెందుకు తెలియదు?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పడం నా బాధ్యత. మన పాలిటెక్నిక్‌లలో ఈ విద్య వైపు వచ్చే విద్యార్థి ఎక్కువగా ఈఈఈ గానీ మెకానికల్ గానీ తీసుకుంటాడు. చాలా నోటిఫికేషన్లు డిప్లొమా మీది బ్రాంచి పేరు చూస్తాయి. కాబట్టి కొత్త పేరున్న కోర్సులో చేరేముందు, ఏయే ఉద్యోగాలకు అది చెల్లుతుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. బ్రాంచి ఏదైనా రెండో విద్యను వదలకూడదు. ఈఈఈ పిల్లవాడు బేరింగులు, గేర్లు, పంపులు నేర్వాలి. మెకానికల్ పిల్లవాడు మోటార్లు, స్టార్టర్లు, కంట్రోల్ సర్క్యూట్లు నేర్వాలి.

ఆరో మాట గల్ఫ్ గురించి. ‘‘ఏం చదివినా చివరికి దుబాయే కదా’’ అని నిట్టూర్చేవాళ్లు మన మూడు ఊళ్లలో ప్రతి వాడలో ఉన్నారు. ఆ నిట్టూర్పు వెనక అప్పులున్నాయి, ఎదురుచూపులున్నాయి. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దాన్నుంచి తీసిన ముగింపు తప్పు. ఎడారి ఎండలో కంకర మోసే లేబర్ వీసా, పెద్ద భవనంలో చిల్లర్లు, లిఫ్టులు, పంపులు చూసే టెక్నీషియన్ ఉద్యోగం ఒకటేనా? అక్కడి భవనాల్లో మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ పనులన్నీ కలిపి ఎంఈపీ అంటారని గల్ఫ్ పోయొచ్చిన ప్రతి మనిషికీ తెలుసు. చిల్లరు అంటే కంప్రెసరు, మోటారు, గ్యాసు, కంట్రోలు ప్యానెలు కలిసిన ఒకే యంత్రం. దాన్ని పూర్తిగా తెలిసినవాడికి బేరమాడే శక్తి ఉంటుంది. తెలియనివాడు ఏజెంటు చెప్పిందే వింటాడు. పోవడం తప్పనిసరి అయితే చేతిలో విద్యతో పోవాలి. ఆ విద్యే ఊళ్లో నిలబడే అవకాశాన్నీ ఇస్తుంది. ‘‘దుబాయే కదా’’ అని పిల్లవాణ్ని చదువు మాన్పించడం, వాణ్ని ఆ కంకర దగ్గరకే తోయడం.

ఏడోది, అన్నిటికన్నా సిగ్గుపడాల్సినది: ఇది ఆడపిల్లల చదువు కాదట. సాంచాల ఊళ్లో కండెలు చుట్టి, బీడీలు చుట్టి ఇళ్లు నిలబెట్టిన ఆడవాళ్ల ముందు ఈ మాట ఎలా అనగలరు? 2019 నోటిఫికేషన్‌లో జూనియర్ లైన్‌మెన్ పోస్టులకు మహిళలను పక్కనపెడితే, సిద్దిపేట ప్రాంతపు యువతి హైకోర్టుకెక్కింది. స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గింది. 2021లో ఉద్యోగంలో చేరింది. స్తంభమే ఎక్కిన తర్వాత ప్యానెలు బోర్డు ముందు కూర్చోవడానికి అడ్డేమిటి? మోటారుకు వోల్టేజీ తెలుసు, భారం తెలుసు. తనను విప్పుతున్న చెయ్యి ఎవరిదో దానికి తెలియదు.

ఇన్ని చెప్పాక, ప్రత్యర్థి చేతిలో మిగిలే ఒకే ఒక్క నిజాన్ని నేనే ముందుకు తెస్తాను. కాలేజీలు ఈ చదువును చెప్పాల్సినట్లు చెప్పడం లేదు. చాలాచోట్ల ల్యాబు అంటే తాళం వేసిన గది. రికార్డు పుస్తకంలో రీడింగులు సీనియర్ల దగ్గర నుంచి దిగుతాయి. మూడేళ్లు చదివి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు పట్టుకోనివాళ్లున్నారు. పారిశ్రామిక శిక్షణ అంటే సర్టిఫికెట్ మీద ముద్ర అనుకునేవాళ్లున్నారు. ఇది నిజం, ఘోరం కూడా. కానీ ఇది దేని మీద నేరారోపణ? బోధన మీద. విషయం మీద కాదు. చెడ్డగా చెప్పిన లెక్కల వల్ల లెక్కలు పనికిరానివవుతాయా? ల్యాబు తాళం మీద చూపాల్సిన కోపాన్ని చదువు మీద చూపి, తాళం వేసినవాణ్ని సుఖంగా వదిలేస్తున్నాం. ఈ తప్పుడు అభిప్రాయం వల్ల జరిగే అసలు నష్టం ఇదే: విలువలేని చదువని ముందే తేల్చేశాక, దాన్ని బాగా చెప్పమని అడిగేవాడు ఉండడు.

కాబట్టి అడగడం మొదలుపెట్టాలి. కోరుట్ల పాలిటెక్నిక్ పిల్లలు వరద కాలువ పంపుహౌసులకు ఎందుకు వెళ్లకూడదు? సిరిసిల్ల పాలిటెక్నిక్ విద్యార్థి ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఒక ఆసామి ఇంట్లోని నాలుగు సాంచాల మీద ఎందుకు ఉండకూడదు? అవి ఎంత కరెంటు తింటున్నాయో, పవర్ ఫ్యాక్టర్ ఎంతో, బెల్టు జారి ఎంత శక్తి వృథా అవుతోందో కొలిచి ఆ ఆసామి చేతికి లెక్క ఇస్తే, అదే ఆ పిల్లవాడి మొదటి ఇంజనీరింగు. మిల్లర్ల సంఘాలు, సాంచాల యజమానులు, సెస్ పాలకవర్గం ఏటా కొంతమంది విద్యార్థులను శిక్షణకు తీసుకోవడానికి ఏమిటి అడ్డం? వీటికి కొత్త చట్టాలు అక్కర్లేదు, కోట్ల నిధులు అక్కర్లేదు. ఈ విద్యకు విలువ ఉందని ఒప్పుకుంటే చాలు.

పాఠకులారా, సాక్ష్యాలు మీ ముందున్నాయి. బోరు మోటారు, పాలిషరు అమ్మీటరు, సాంచె రేకు, పంపుహౌసు షాఫ్టు నాలుగూ ఒకే సంగతి చెప్పాయి: యంత్రం కరెంటుగా, ఇనుముగా విడివిడిగా బతకదు. దాన్ని విడదీసి చదివినవాడి చదువే సగం. ఈసారి కౌన్సెలింగుకు వెళ్లేముందు బ్రాంచి పేరు చుట్టూ తిరగడం మాని, కాలేజీ వర్క్‌షాపులోకి నడవండి. ఏ యంత్రాన్ని పిల్లలు చివరిసారి ఎప్పుడు విప్పారో అడగండి. జవాబు చెప్పలేని కాలేజీకి ఫీజు కట్టకండి. విప్పించి, కొలిపించి, మళ్లీ బిగింపజేసే కాలేజీ దొరికితే కొడుకునైనా కూతురినైనా అక్కడ చేర్చడానికి ఎవరి సలహా కోసమూ ఆగకండి.